వేప చెట్టు కొట్టేస్తామని దరఖాస్తు పెట్టాను

2022 దసరా వెళ్లిన వారానికి మా గేటు పక్కనున్న వేప చెట్టు పైనుంచి ఎండడం మొదలుపెట్టింది. ముందు కొసల్లో ఆకులు గోధుమరంగుకి తిరిగాయి. కార్తీకం సగమయ్యేసరికి చెట్టు పైభాగమంతా మంట తగిలినట్టు అయిపోయింది. పొద్దున వాకిలి ఊడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ గుట్ట పడేది. పచ్చగా ఉన్న ఆకుకంటే ఎండిన ఆకే ఎక్కువ కనిపిస్తుంటే గేటు తీసిన ప్రతిసారీ తల పైకెత్తి చూడడం నాకు అలవాటైపోయింది.

మేముండేది హైదరాబాద్ వనస్థలిపురంలో. మా మామయ్య 1986లో ఇక్కడ రెండువందల గజాలు కొని రెండు గదులు వేసుకున్నారు. గృహప్రవేశమైన వానాకాలంలోనే గేటు దగ్గర వేప మొక్క, వెనక నైరుతి మూలన గుల్‌మొహర్ మొక్క పెట్టారట. నేను కోడలిగా వచ్చేసరికి రెండూ మిద్దె ఎత్తు దాటాయి. మామయ్య పోయాక అత్తయ్య సాయంత్రాలు వేప కిందే కుర్చీ వేసుకుని కూర్చునేది. ఇప్పుడు ఆవిడా లేదు.

ఆ ఏడాదే మా అబ్బాయికి పెళ్లి కుదిరింది. పైన ఒక అంతస్తు వేద్దామని కాంట్రాక్టర్‌ను పిలిచాం. మెట్లు ముందువైపు, సరిగ్గా వేప ఉన్న చోట వస్తాయన్నాడు. చెట్టు ఎలాగూ ఎండిపోయింది కదా, దానికి అనుమతులూ గినుమతులూ ఏమీ అక్కర్లేదు, ఆదివారం పొద్దున మిషన్ రంపంతో గంటలో పని అయిపోతుందన్నాడు. వెనక గుల్‌మొహర్ కూడా పక్కింటి రేకుల షెడ్డు మీదికి ఒరిగి ఉంది. అంతకుముందు మే నెల గాలివానకి ఒక పెద్ద కొమ్మ విరిగి ఆ షెడ్డు మీద పడింది కూడా. రెండూ కలిపి కొట్టేస్తాననీ, మీరు పైసా ఇవ్వక్కర్లేదు, కలప నేను తీసుకుంటాననీ చెప్పాడు. ఆ మాట ఎంత సులువుగా అన్నాడో అంత సులువుగా మేమూ సరేనన్నాం.

ఆపింది మా అబ్బాయి. "అమ్మా, సైదాబాద్ సంగతి గుర్తులేదా?" అన్నాడు. 2021 ఫిబ్రవరిలో అన్ని పేపర్లలో వచ్చిన వార్త అది. ఇల్లు కట్టుకోవడానికి నలభై ఏళ్ల వేప చెట్టును కొట్టేస్తే, ఎనిమిదో తరగతి చదివే పిల్లవాడు అటవీశాఖ టోల్‌ఫ్రీ నంబరుకి ఫోన్ చేసి చెప్పాడు. అధికారులు వచ్చి విచారించి 62,075 రూపాయల జరిమానా వేశారు. సైదాబాద్ మాకు ఎంత దూరమని! ఆ వార్త చదివిన రోజు ఆ పిల్లవాణ్ని నేనే ఎంతో మెచ్చుకున్నాను. అదే నేను, మా ఇంటి విషయం వచ్చేసరికి ఆదివారం మిషన్ రంపానికి ఒప్పుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు మా ఆయనా నేనూ మున్సిపల్ ఆఫీసుకి వెళ్లాం. అక్కడివాళ్లు వెంటనే తేల్చి చెప్పారు. కొమ్మలు కత్తిరించడం, గాలివానకి పడిన చెట్లు తీయడం వాళ్ల పని. మొదలంటా కొట్టాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. సొంత ఇల్లయినా, సొంత చెట్టయినా అంతే.

దీని వెనకున్నది వాల్టా చట్టం. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం ఇది. ఇప్పుడు తెలంగాణలోనూ, ఆంధ్రలోనూ నడుస్తోంది. బోరు వేయించేటప్పుడు వాల్టా అనే మాట వినడమే తప్ప, అందులో మూడో మాట చెట్లని నేనెప్పుడూ పట్టించుకోలేదు. జామాయిల్, సుబాబుల్, సరుగుడులాంటి తోట కలపకు సడలింపులు ఉన్నాయి. ఇంటి ముందు వేపకి లేవు. చెట్టు ఎండిందనో, మీద పడేలా ఉందనో చెబితే అనుమతి తేలిగ్గానే వస్తుందిగానీ, అడగడం మాత్రం అడగాల్సిందే.

దరఖాస్తులో పెద్ద కష్టం లేదు. ఇంటి దస్తావేజు నకలు, ఇంటి పన్ను రసీదు, ఆధార్, చెట్ల ఫొటోలు, స్థలం గీత గీసి ఏ చెట్టు ఎక్కడుందో గుర్తు, ఎందుకు తీయాలనుకుంటున్నామో ఒక పేరా. ఫొటోలు మాత్రం రెండుసార్లు తీయాల్సి వచ్చింది. ఒక్కో చెట్టుకీ మొత్తం కనిపించేలా ఒకటి, మొదలు దగ్గరగా ఒకటి, ఇల్లో గోడో కలిసి పడేలా ఒకటి ఉంటే చూసేవాళ్లకి తేలిక. కారణం రాసేటప్పుడు మా ఆయన "వేప పూర్తిగా చనిపోయినది" అని రాశారు. నేను సంతకం పెట్టాను.

రెండు వారాలకి తనిఖీకి వచ్చారు. ఒక సెక్షన్ ఆఫీసర్, వెంట ఇంకొకతను. టీ ఇస్తానంటే, ముందు చెట్లు చూద్దామమ్మా అన్నారు.

ముందు గుల్‌మొహర్ దగ్గరికి వెళ్లారు. నేల నుంచి నాలుగున్నర అడుగులు కొలిచి సుద్దముక్కతో గీత పెట్టి, ఆ ఎత్తులో టేపు చుట్టారు. 168 సెంటీమీటర్లు. తర్వాత చిన్న ఇనపకడ్డీతో మొదలు చుట్టూ తట్టుకుంటూ వచ్చారు. ఒకవైపు టక్కుటక్కుమంది. పక్కింటి వైపు మాత్రం ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు శబ్దం వచ్చింది. అక్కడే తొర్ర ఉంది. అందులోకి కడ్డీ పెడితే మోచేతి దాకా వెళ్లిపోయింది. వంగి మొదట్లో చూపించారు. బెరడుని పట్టుకుని అరచేయంత వెడల్పున సగం పళ్లెంలాంటి పుట్టగొడుగులు రెండున్నాయి. ఆ మూలకి రోజూ బట్టలు ఆరేయడానికి వెళ్తాను, ఏనాడూ చూడలేదు. "ఇవి పైకి కనిపిస్తున్నాయంటే లోపల కొయ్య పుచ్చిపోయిందని అర్థం. ఒరిగిన వైపుకి ఎదురుగా చూడండి, నేల బీట తీసింది" అన్నారు. నిజంగానే మట్టి రెండు వేళ్ల మేర పైకి లేచి ఉంది.

తర్వాత వేప. టేపు చుట్టి 182 అని రాసుకున్నారు. ఆపైన నిచ్చెన అడిగారు. ఎక్కి, బొటనవేలంత లావు కొమ్మని పట్టుకుని జేబులోంచి చిన్న చాకు తీసి బెరడు గీకారు. "ఇలా రండమ్మా" అని పిలిచారు. నిచ్చెన రెండు మెట్లెక్కి చూశాను. గీకిన చోట లేత పచ్చగా, తడిగా ఉంది. పెసరకాయ ఒలిచినట్టు. అక్కడి నుంచి జానెడు పైకి వెళ్లి గీకితే గోధుమరంగు. ఇంకా పైన కొస పట్టుకుంటే పుల్ల పుటుక్కున విరిగింది.

"కొసలు పోయాయి. చెట్టు పోలేదు" అన్నారు.

అప్పుడు చెప్పారు ఆ జబ్బు సంగతి. 2021 నుంచి తెలంగాణ అంతటా వేపలు ఇలాగే ఎండుతూ వచ్చాయి. ఫోమోప్సిస్ అనే శిలీంధ్రంతో వచ్చే కొమ్మ ఎండు తెగులు అది. టీ దోమ అనే పురుగు లేత చిగుళ్ల రసం పీల్చడంతో ఇంకా ముదురుతుంది. వానలు మొదలయ్యాక పుట్టి, చలికాలానికి చెట్టంతా చచ్చినట్టు కనిపిస్తుంది. చాలామంది అది చూసి చెట్లు కొట్టేస్తున్నారనీ, ఎండాకాలం వచ్చేసరికి చాలా చెట్లు మళ్లీ చిగురిస్తున్నాయనీ చెప్పారు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు కూడా తొందరపడొద్దనే చెప్పారట. "ఉగాది దాకా చూడండి. అప్పటికీ చిగురు రాకపోతే మళ్లీ రాయండి, నేనే వచ్చి చూస్తా."

నాకు చిరాకేసింది, దాచుకోను. పెళ్లి దగ్గర పడుతోంది, కట్టుబడి మొదలుకావాలి. "మరి మెట్లు ఎక్కడ వేసుకోమంటారు సార్?" అన్నాను. ఆయన గొంతు పెంచలేదు. వెనక్కి తిరిగి గుల్‌మొహర్ మూల చూపించి, "అది తీసేస్తే ఆ స్థలం ఖాళీయే కదమ్మా, అటు తిప్పలేరా?" అని మాత్రం అడిగారు.

రాత్రి మా ఆయన టేపు తీసుకుని వెనకంతా కొలిచారు. మెట్లు పడతాయి. సన్నటి వరండా ఒకటి అదనంగా వేయాలి, ముప్పై ఎనిమిది వేలు ఎక్కువ అవుతుంది. వాస్తు చూసే ఆయన్ని అడిగితే, మెట్లు నైరుతి వైపు ఉంటేనే మంచిది, ముందు వేస్తామంటే నేనే వద్దందును అన్నారు. ఇంతమందిమి ఇన్నాళ్లు ఒకే కాగితం ముందు పెట్టుకుని కూర్చుని, చెట్టుని అటూ ఇటూ చేయాలని చూశాంగానీ మెట్లని జరపాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

వేపని దరఖాస్తులోంచి తీసేయమని ఉత్తరం రాసిచ్చాను. కాంట్రాక్టర్‌కి చెబితే మాట మారింది. గుల్‌మొహర్ ఒక్కటే అయితే ఎదురు తొమ్మిది వేలు ఇవ్వాలన్నాడు. గుల్‌మొహర్ కలపకి పొయ్యిలో పెట్టుకునే ధర తప్ప లేదు. వేప దూలానికి గిరాకీ ఉంది. ఉచితంగా కొట్టిపెడతానన్న పని వెనక లెక్క ఏమిటో అప్పుడు తెలిసింది. ఎవరైనా మీ చెట్టు డబ్బు తీసుకోకుండా కొడతానంటే, ముందు ఆ కలప ధర ఎంతో కనుక్కోండి. ఇంకో మాట: అనుమతి లేకుండా కొట్టిన కలపని బండిలో వేసుకుని బయటికి వెళ్తే అది వేరే కేసు. కలప రవాణాకి పర్మిట్ విడిగా ఉంటుంది.

డిపాజిట్‌తో కలిపి చలానా కట్టాక జనవరిలో ఉత్తర్వు చేతికొచ్చింది. ఒక గుల్‌మొహర్ తీసుకోవచ్చు. బదులుగా రెండు మొక్కలు నాటాలి, వానాకాలం మొదటి నెలలోపు. నాటినవి బతికించాలి, ఫొటోలు పంపాలి. కొట్టేటప్పుడు కరెంటు తీగల జాగ్రత్త మాదే.

ఆ చివరి షరతు చిన్నదనుకున్నాను. పక్కింటికి వెళ్లే సర్వీసు తీగ కొమ్మల మధ్య నుంచే పోతోంది. లైన్‌మన్‌ని కలిసి, ఏ రోజు ఎన్ని గంటలకో చెప్పి, ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని స్తంభం దగ్గర కరెంటు ఆపించాకే చెట్టెక్కాలి. కొట్టేవాళ్లు ముగ్గురొచ్చారు. పెద్దాయన ముందు తొర్రలో కర్ర పెట్టి కదిలించి కాసేపు ఆగాడు. ఒక ఉడత బయటికొచ్చి గోడ మీదుగా పరుగెత్తింది. ఇంకేమీ లేవని తేల్చుకున్నాక మోకు వేసి, ఒక్కో కొమ్మనీ కట్టి, కోసి, మెల్లగా దించారు. మధ్యాహ్నం రెండింటికి మొద్దు మిగిలింది. కోత మీద చూస్తే నడుమ బొటనవేలు పెట్టినా పొడి పొడిగా రాలుతోంది. గట్టి కొయ్య చుట్టూ నాలుగు వేళ్ల మందం మాత్రమే ఉంది. ఇంకో గాలివానకి పక్కింటి షెడ్డు మీద కూలేది. ఆ షెడ్డులో వాళ్ల అమ్మాయి ట్యూషన్లు చెబుతుంది.

వేపకి ఎండిన కొసలు కోయించి తగలబెట్టాం. వారానికోసారి పాదు నిండా నీళ్లు. ఫిబ్రవరిలో ఉన్న కాసిన్ని పచ్చాకులు కూడా రాలిపోయాయి. వేప ఏటా ఆకు రాల్చే కాలమే అదని తెలుసు, అయినా టెన్షన్ పడ్డాను. మోడులా నిలబడింది. పెళ్లికి వచ్చిన బంధువులందరూ గేటు దగ్గరే ఆగి, ఇంకా దీన్ని ఎందుకుంచారని అడిగారు. పెళ్లింట ఎండు చెట్టేమిటని మా ఆడపడుచు గట్టిగానే అంది. మార్చి మొదటివారంలో కొమ్మల కణుపుల దగ్గర ఎర్రటి చుక్కలు కనిపించాయి. నాలుగు రోజులకి రాగిరంగు చిగురు. ఆ సంవత్సరం ఉగాది మార్చి 22న వచ్చింది. మా చెట్టుకి ఆకు వచ్చిందిగానీ పువ్వు రాలేదు. పచ్చడికి వెనక వీధి నుంచి పువ్వు తెచ్చుకున్నాం. మామయ్య ఉన్నప్పటి నుంచీ అలా బయటి నుంచి తెచ్చుకోవడం అదే మొదటిసారి. మరుసటి ఏడు మాదే పూసింది.

ఇక బదులు మొక్కలు. కొట్టడానికి ఒక పూట పట్టింది. నాటడం మాత్రం ఇప్పటికీ అయిపోలేదు.

మొదటి చిక్కు చోటు. వెనక మెట్లు వచ్చేశాయి, ముందు వేప ఉంది. దరఖాస్తు పెట్టే ముందే ఆలోచించుకోవాల్సిన సంగతి ఇది. వీధిలో మా గేటుకి వేప లేని రెండో పక్కన ఒక మొక్కకి జాగా దొరికింది. పై నుంచి కరెంటు తీగలు పోయేది ఎదుటి వరసలో కాబట్టి ఇబ్బంది లేదు. రెండోదానికి కాలనీ పార్కు అడిగాం. నడిచే బాట మీద ఆకులు పడతాయని సంఘంలో ఒక పెద్దాయన ఒప్పుకోలేదు. రెండు సమావేశాలు తిరిగాక ప్రహరీ పక్కన మూల ఇచ్చారు. నీళ్ల బాధ్యత మాదేనని రాయించుకున్నారు. అది న్యాయమే.

నర్సరీలో మొదట చూపించింది కోనోకార్పస్. నెలకి అడుగు పెరుగుతుంది, ఎండిపోదు, ఆఫీసువాళ్లకి ఫొటో పంపి చేతులు దులుపుకోవచ్చన్నాడు అక్కడి కుర్రాడు. అప్పటికే మన రాష్ట్రంలో దాన్ని నాటొద్దని పంచాయతీలకి, మున్సిపాలిటీలకి ప్రభుత్వం చెప్పింది. పుప్పొడితో శ్వాస ఇబ్బందులనీ, వేర్లు పైపుల్లోకి పోతాయనీ. దాని మీద పిట్ట గూడు కట్టగా నేను చూడలేదు. నాకు నేరేడు మీద మనసుంది. కానీ వీధిలో కింద బళ్లు పెడతారు, పళ్లు రాలితే వచ్చే తగవులు నాకు తెలుసు. ఆలోచించి గేటు పక్కకి పొగడ, పార్కు మూలకి కానుగ తీసుకున్నాం. పొగడ నెమ్మదిగా పెరుగుతుంది, కానీ ఏడాది పొడవునా నీడ. కానుగ ఏ నేలలోనైనా నిలదొక్కుకుంటుంది.

జులై మొదటివారంలో గోతులు తవ్వించాం. రెండున్నర అడుగులు. అడుగు దిగేసరికి మొరం, దాని కింద పాత రోడ్డు తాలూకు కంకర. అదంతా తీసి ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు, కాస్త వేపపిండి కలిపి నింపాం. పొగడ కవరు కోసి చూస్తే అడుగున వేర్లు జడ అల్లినట్టు గుండ్రంగా చుట్టుకుని ఉన్నాయి. అలాగే పాతిపెడితే అవి అలాగే తిరుగుతూ ఉండిపోతాయి. బ్లేడుతో అడుగు చుట్ట కోసి, మిగతా వేర్లు వేళ్లతో విడదీసి పెట్టాను. తెచ్చేటప్పుడు ఎత్తు చూసి మురిసిపోకుండా కవరు అడుగు చూడాల్సింది. ఆరడుగుల మొక్క చిన్న కవరులో ఉందంటే అది అందులో ఎక్కువకాలం ఉండిపోయిందన్నమాట.

కానుగ సెప్టెంబరులో పోయింది. కేబుల్ కోసం పార్కు గోడ వెంట కందకం తవ్విన కూలీలు మొక్కని పెకిలించి మట్టిగుట్ట మీద పడేశారు. పొద్దున నీళ్ల బిందె పట్టుకుని వెళ్తే గోయి ఉంది, మొక్క లేదు. అక్కడే నిలబడి ఏడ్చాను. ఎవరిని అడిగినా మాకు తెలియదన్నారు. ఇంకో కానుగ తెచ్చి, చుట్టూ మూడు వరసల ఇటుక కట్టించి, ఇనప కంచె పెట్టాం. ఆఫీసుకి ఆ సంగతి రాసి కొత్త మొక్క ఫొటో పంపాను.

2024 ఎండాకాలం బోరు తగ్గి ట్యాంకర్లు తెప్పించుకున్న రోజుల్లో బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు బకెట్లో పట్టి ఉంచేదాన్ని. మా కోడలు కాలేజీ నుంచి వస్తూ దారిలో కానుగకి పోసి వచ్చేది. ఆ అమ్మాయి వచ్చిన ఏడాదే పెట్టిన మొక్కలు. వాటి సంగతి నాకంటే ఆమెకే బాగా తెలుసు.

మొన్న ఆదివారం ఫొటోలు తీయడానికి టేపు పట్టుకుని వెళ్లాను. ఆ ఆఫీసర్ చూపించినట్టే నేల నుంచి నాలుగున్నర అడుగులు కొలిచి పొగడ మీద సుద్ద గీత పెట్టాను. టేపు చుట్టడానికి కాండం చాలలేదు. దారం చుట్టి స్కేలు మీద పెట్టి చూస్తే పదకొండు సెంటీమీటర్లు. ఆసరాకి కట్టిన కొబ్బరితాడు ఒకచోట బెరడుని ఒరుస్తోంది. అది విప్పేసి, పాత చీర పీలిక తెచ్చి, వేలు దూరేంత వదులు ఉంచి కట్టి వచ్చాను.